పద్దెనిమిదో నంబరుకు వీధిపోటు

మా కాలనీ వాళ్ళంటే నాకు పడదు. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది. లేకపోతే కింద రాసేదంతా చదివి నన్నేదో లోకోపకారి అనుకునే ప్రమాదముంది.

నందిగామకూ జగ్గయ్యపేటకూ మధ్య, హైవే నుంచి అర కిలోమీటరు లోపలికి, ఒక గుట్టను ఆనుకుని ఉంటుంది మా కాలనీ. గుట్ట నిండా బోదగడ్డి, సర్కారు తుమ్మ. శివరాత్రి దాటిందంటే అదంతా ఎండి గలగల్లాడుతుంది. కింద పొలాల్లో పత్తి తీయడం అయిపోగానే రైతులు కట్టె పీకి, కుప్పలు పోసి అంటిస్తారు. గాలి తిరిగితే ఆ నిప్పు గుట్టెక్కుతుంది. ఏటా ఎక్కుతుంది, ఏటా మావాళ్ళు డాబాలెక్కి ఫోన్లలో వీడియోలు తీస్తారు. పోయినేడు మంట మూడో వీధి వెనక ప్రహరీ దాకా వచ్చి ఆగింది. ఎవరో ఆపితే ఆగలేదు, అక్కడ గడ్డి అయిపోయింది అంతే. మర్నాడు వాట్సప్ గ్రూపులో అందరూ ఒకరికొకరు దండాల బొమ్మలు పెట్టుకున్నారు.

మొదట పాతిక ఇళ్ళు ఉండేవి. ఇప్పుడు గుట్ట మొదట్లో కూడా పిల్లర్లు లేస్తున్నాయి. విజయవాడలో కొనలేనివాళ్ళు, హైదరాబాదులో కొని అమ్ముకున్నవాళ్ళు, అందరూ ఇక్కడికే. రావడానికీ పోవడానికీ ఒకటే రోడ్డు. హైవే నుంచి వచ్చే నలభై అడుగుల మెయిన్ రోడ్డు. ఆ రోడ్డు మూసుకుపోతే మనం ఎటు పోతామండీ అని నేను నాలుగేళ్ళుగా అడుగుతూనే ఉన్నాను. అడిగి అడిగి నాకు చాదస్తపు సర్వేయరు అని పేరొచ్చింది.

నా గోలకు కారణం మా ఆవిడ. నందిగామలో టీచరుగా చేసి రిటైరైంది. రిటైరైన ఏడాదే పక్షవాతం వచ్చి కుడి కాలూ చెయ్యీ పడిపోయాయి. మాట నిదానించింది గానీ పోలేదు. అప్పట్నించీ చక్రాల కుర్చీలోనే. గొంతులో ఏదైనా అడ్డుపడితే గట్టిగా దగ్గి బయటికి తెచ్చుకోలేదు. పొగ మాత్రం తగలనివ్వొద్దని డాక్టరు మరీ మరీ చెప్పాడు. నాకు అరవై ఆరేళ్ళు, రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. గుట్ట అంటుకున్న రోజున ఈమెను నేను ఒక్కణ్ణీ బయటికి ఎలా తీసుకుపోవాలి? రోజూ మధ్యాహ్నం ఆమె నిద్రపోతుంటే కుర్చీ పక్కన కూర్చుని ఇదే ఆలోచించేవాణ్ణి.

తమాషా ఏమిటంటే, రెండో రోడ్డు ఉంది. ఉందని నాకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు, ఎందుకంటే గీసింది నేనే. నేను లైసెన్సు సర్వేయరుని. పనిచేసినన్నాళ్ళూ జగ్గయ్యపేట చుట్టుపక్కల పొలాలూ స్థలాలూ కొలిచాను, ఈ లేఔటు కూడా కొలిచాను. తూర్పున సాగర్ కాలువ కట్ట మీంచి దిగి, పార్కు స్థలం అంచున నడిచి, మా మొదటి వీధిలో కలిసే ఇరవై అడుగుల రోడ్డు అది. మా ఇల్లు పద్దెనిమిదో నంబరు, పక్కది పంతొమ్మిది. రెండూ పార్కు వైపు చూస్తాయి. ఆ రోడ్డు సరిగ్గా పంతొమ్మిదో నంబరు గుమ్మానికి ఎదురుగా వచ్చి కలుస్తుంది. అక్కణ్ణించి కట్టకు నూట యాభై అడుగులు. కట్టెక్కితే ఆటో దొరుకుతుంది, గాలి దొరుకుతుంది. కుర్చీ తోసుకుంటూ నేను కూడా పోగలను.

పోగలను, మధ్యలో గోడ లేకపోతే.

ఆ గోడ కట్టింది పంతొమ్మిదో నంబరు షావుకారు. జగ్గయ్యపేటలో మిర్చి, పత్తి వ్యాపారం. ఇల్లు కట్టి గృహప్రవేశం చేసిన నెలకే ఆయనకు జ్వరం వచ్చింది. జ్వరం రాగానే సిద్ధాంతి వచ్చాడు. సిద్ధాంతి గుమ్మంలో నిలబడి ఎదురుగా చూసి, వీధిపోటు అన్నాడు. రోడ్డు తిన్నగా వచ్చి ఇంటి గుమ్మానికి తగిలితే ఇంట్లోవాళ్ళకు కీడని మా వైపు గట్టి నమ్మకం. అలాంటి స్థలమంటే బేరం కూడా ఆడరు. దానికి విరుగుడు కూడా ఆ సిద్ధాంతే చెప్పాడు. వారం తిరక్కుండా రోడ్డు మొగదల, ఈ చివర్నించి ఆ చివరికి, మనిషెత్తు గోడ లేచింది. పక్కన పార్కు పేరుకే, నిండా తుమ్మ ముళ్ళు, అటు తిరిగి పోయే వీల్లేదు. గోడ మధ్యలో గూడు, గూట్లో వినాయకుడు.

నేను అసోసియేషన్ ప్రెసిడెంటు దగ్గరికి పరిగెత్తాను. ఆయన సోఫాలో వెనక్కి వాలి, పోన్లెండి, గేదెలు రావడం తగ్గింది, ట్రాక్టర్ల దుమ్ము తగ్గింది అన్నాడు. అప్పటికే ఇద్దరు ఆడవాళ్ళు పొద్దున్నే అక్కడ దీపం పెట్టడం మొదలుపెట్టారు. చవితికి పందిరి వేసి మైకు పెట్టారు. ఇక దాని మీద చెయ్యి వేసేదెవరు? షావుకారు దేవుణ్ణి అడ్డం పెట్టుకుని నా దారి మింగేశాడు. మాట్లాడటం మానేశాను. ఆయన గేటు దగ్గర నమస్కారం పెడితే నేను ఫోను చూసుకునేవాణ్ణి. మా ఇంటి వేపచెట్టు ఆకులు వాళ్ళ వాకిట్లో పడుతుంటే ఊడవనిచ్చానే గానీ కొమ్మ కొట్టించలేదు.

మా ఆవిడ కూడా నాతోపాటే పళ్ళు నూరేది. అర్జీలన్నీ ఆమె చెబితే నేను రాసేవాణ్ణి. టీచరు కదా, మాటలు పొందికగా చెప్పేది. "వికలాంగురాలినైన నేను" అని మొదలుపెట్టించేది. ఒక్కో మాటకూ ఊపిరి కూడగట్టుకుని చెబుతుంటే నాకు షావుకారు మీద కసి ఇంకా పెరిగేది. నందిగామ ఆఫీసులో ఆ అర్జీలు తీసుకుని ముద్ర వేసి ఇచ్చేవాళ్ళు. ముద్ర మాత్రం బాగా పడేది.

పోయినేడు మంట ప్రహరీ దాకా వచ్చాక ఒక ఫైరు ఆఫీసరు కాలనీ చూడ్డానికి వచ్చాడు. కుర్రాడే గానీ మర్యాదస్తుడు. ఒకటే రోడ్డు చూసి తల గోక్కున్నాడు. మీరు బయటికి పోతుంటే మా బండి లోపలికి ఎలా వస్తుందండీ అని అడిగాడు. ఇన్నాళ్ళకు నా మాట మాట్లాడే మనిషి ఒకడు దొరికాడని ప్రాణం లేచొచ్చింది. ఎవరింట్లో నడవలేనివాళ్ళున్నారు, ఎటునుంచి ఎటు పోవాలి, ఎక్కడ చేరాలి, ఇవన్నీ ఒక పటం గీసిస్తారా అని అడిగాడు. గీయనా? నా జీవితంలో అంత ఇష్టంగా ఏ పటమూ గీయలేదు. ఇల్లిల్లూ తిరిగాను. గుండె ఆపరేషనైనవాళ్ళు, బాలింతలు, పడక మీదున్నవాళ్ళు, అన్నీ రాసుకున్నాను. చాలామంది గుమ్మంలోనే నిలబెట్టి చెప్పారు. ఒకాయనైతే మీ సర్వే మళ్ళీ మొదలైందా అని లోపలికి పోయి తలుపేసుకున్నాడు.

పటం పట్టుకుని మీటింగుకు వెళ్ళాను. గోడ ఉన్నచోట ఎర్ర సిరాతో గీటు పెట్టి, ఇది తీసేస్తే తూర్పు వీధులవాళ్ళంతా కట్ట మీదకు పోవచ్చు, పడమర వాళ్ళకు మెయిన్ రోడ్డు, అని వివరంగా చెప్పాను. అందరూ టీ తాగుతూ విన్నారు. ఒకాయన నవ్వి, మంటలొస్తే కార్లో ఏసీ వేసుకుని పోతాం లెండి సర్వేయరు గారూ అన్నాడు. ఇంకో ఆయన దేవుడి గోడ కూలిస్తే అసలు మంటే గుట్ట దిగి వస్తుందన్నాడు. షావుకారు మూల కుర్చీలో కూర్చున్నాడు. పటం వైపు చాలాసేపు చూశాడు. చివరికి ఏం తీర్మానించారంటే, గేటు దగ్గర సీసీ కెమెరా పెట్టాలని. మంట ఎటునుంచి వచ్చిందో తర్వాత చూసుకోవచ్చన్నమాట.

ఇంటికొచ్చి మా ఆవిడకు చెబితే, కుర్చీ చేతిని ఎడమచేత్తో గట్టిగా పట్టుకుంది. "నేను కాలిపోతే ఆ కెమెరాలో బాగా పడతా" అంది. నేను నవ్వలేకపోయాను.

ఈ ఏడు ఎండలు ముదిరాక షావుకారు మనవరాలికి ఓణీల ఫంక్షను పెట్టారు. మధ్యాహ్నం భోజనాలు. ఇంటి ముందు వీధి చాలక షామియానా మెయిన్ రోడ్డు మీద వేశారు. మా వైపు ఇది మామూలే. పెళ్ళైనా, పెద్దకర్మైనా రోడ్డు మనదే. తారు పగలగొట్టి ఇనప పైపులు పాతారు. ఆ చివర జనరేటరు ఆటో అడ్డంగా పెట్టారు, ఈ చివర వంటవాళ్ళు పొయ్యిలు పెట్టారు. చుట్టాల కార్లు వీధుల్లో బారులు తీరాయి. వెనకరోడ్డుకు గోడ, ముందురోడ్డుకు షామియానా, రెండూ ఒకే మనిషివి. పిలుపుకు వచ్చిన కార్డును నేను చెత్తబుట్టలో వేశాను. మా ఆవిడ తీయించి అల్మరాలో పెట్టించింది.

పన్నెండు దాటాక కట్టె కాలిన వాసన వచ్చింది. నేను పట్టించుకోలేదు, ఆ రోజుల్లో రోజూ ఉండేదే. తర్వాత గొంతులో ఎవరో గరిట పెట్టి తిప్పినట్టయింది. కళ్ళు భగ్గుమన్నాయి. బయటికొచ్చి చూస్తే గుట్ట పక్కంతా పొగ. మంట గుట్ట కింద మిరపకల్లంలోకి దూకింది. ఎండబెట్టిన ఎర్రమిరపకాయలు కల్లం నిండా ఉన్నాయి, అవి కాలుతున్నాయి. వంటింట్లో నాలుగు మిరపకాయలు మాడితేనే ఇల్లంతా దగ్గుతుంది. ఇది ఒక రైతు పంటంతా. ఆ ఘాటు కాలనీ మీద పరుచుకుంటోంది.

లోపలికి పరిగెత్తి మా ఆవిడ మొహానికి తడి తువ్వాలు చుట్టాను. కుర్చీ తోసుకుంటూ మెయిన్ రోడ్డు వైపు వెళ్ళాను. అక్కడ చూడాలి. పట్టుచీరలు, ఏడుపులు, ఒకదాని వెనక ఒకటి ఇరుక్కున్న కార్లు. ఏసీ వేసుకుని పోతానన్నాయన కారు జనరేటరు ఆటోకు ఆనించి హారన్ కొడుతున్నాడు. షామియానా పైపుల మధ్య కుర్చీ పట్టలేదు. వెనక్కి తిప్పాను. ఆమె తువ్వాల్లో పిల్లిలా చిన్నగా దగ్గుతోంది, ఆ దగ్గు బయటికి రావడం లేదు. పెదాలు నల్లబడుతున్నాయి. మళ్ళీ మా వీధిలోకి వచ్చి ఆ గోడ ముందు ఆగాను. గోడను అరిచేత్తో కొట్టాను, చెప్పుకాలితో తన్నాను. నోటికొచ్చిన బూతు తిట్టాను. వినాయకుణ్ణి కూడా వదల్లేదు.

వెనక నుంచి షావుకారు వచ్చాడు. పట్టుపంచె మోకాళ్ళ దాకా ఎగ్గట్టుకుని, ఇద్దరు వంటవాళ్ళ చేత భోజనాల బల్ల ఒకటి మోయించుకొస్తున్నాడు. వినాయకుడి గూటి మీద కాలు పెట్టి గోడెక్కాడు, అవతలికి దూకాడు. ఆయనకూ నా వయసే. మా ఆవిడను బల్ల మీద పడుకోబెట్టి, ఆయన అవతల్నించి పంచె చింపి విసిరిన పీలికతో కట్టి, వంటవాళ్ళు ఇవతల, ఆయన అవతల, గోడ మీంచి దాటించారు. నేను కుర్చీ మడిచి అందించాను. ఆయన వెనకే మా వీధివాళ్ళు చాలామంది అదే గోడెక్కి దిగారు. గూడు విరిగింది. చెంపలు వేసుకున్నవాళ్ళెవరూ నాకు కనపడలేదు.

కట్ట మీద గాలి బాగుంది. మా ఆవిడను కుర్చీలో కూర్చోబెట్టి వీపు రాస్తుంటే కాసేపటికి ఊపిరి ఆడింది. ఫైరింజను కూడా మెయిన్ రోడ్డులో దూరలేక కట్ట మీదికే వచ్చి కాలువ నీళ్ళు తోడుకుంది. మనుషులకేమీ కాలేదు. కల్లం మాత్రం మిగల్లేదు.

అంతా సద్దుమణిగితే ఆయనకు నేను దండం పెట్టాలి. పెట్టలేదు. భయం తీరగానే నాకు ఒళ్ళు మండింది. అందరిముందూ నోరు పారేసుకున్నాను. నీ గోడ వల్ల ఇవాళ మా ఇంటి మనిషి పోయేది, నీ జ్వరానికి నా పెళ్ళాం బలి కావాలా అని ఏకవచనంలోకి దిగాను. మనిషిని గోడ దాటించింది ఆయనేనని ఆ క్షణంలో గుర్తుకు రాలేదు. వచ్చినా ఆగేవాణ్ణి కాదేమో.

ఆయన చిరిగిన పంచెతో చేతులు తుడుచుకుంటూ అంతా విన్నాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "స్థలం కొన్నప్పుడు లేఔటువాళ్ళు నాకు మొదటి ప్లాను కూడా చూపించారు సర్వేయరు గారూ. దాంట్లో రోడ్డు మీ పద్దెనిమిదికి ఎదురుగా ఉంది. మీరే కదా పక్కకు జరిపింది. నాకు అర్థం కాదనుకున్నారా?"

నేను వంగి కుర్చీ బ్రేకు వేసి ఉందో లేదో చూశాను.

"పార్కుకు మీ ఇంటివైపు అంచున తుమ్మ కొట్టిస్తే చాలు, దారి పడుతుంది. గోడ జోలికి పోనక్కర్లేదు. మీరే ఆ మాట అంటారేమోనని ప్రతి మీటింగులోనూ చూశా" అన్నాడు. అని వాళ్ళ చుట్టాల దగ్గరికి వెళ్ళిపోయాడు.

నిజమే. ఇప్పుడు దాచేదేముంది? మొదటి గీతలో రోడ్డు పార్కు ఉత్తరపు అంచున వచ్చి పద్దెనిమిదో నంబరుకు తగిలేది. ఆ పద్దెనిమిది నేను నా కోసం అట్టేపెట్టుకున్న స్థలం. నాకు ఇలాంటివాటి మీద నమ్మకం లేదని పదిమందిలో చెప్పుకునేవాణ్ణి. అయినా ఆ పూట ఇంకో కాగితం తీసి ప్లాను మళ్ళీ గీసి, రోడ్డును దక్షిణపు అంచుకు జరిపాను. ఎవరో ముక్కూ మొహం తెలియని పంతొమ్మిదికి పోతుందిలే అనుకున్నాను. ఆ పాత కాగితం నా బీరువాలోనే ఉంది; దాని నకలొకటి లేఔటువాళ్ళ దగ్గర ఉండిపోయిందని నాకు తెలియదు. ఫైరు ఆఫీసరుకు పటం గీసిచ్చిన రోజున కూడా దాన్ని తీసి చూశాను. ఉత్తరపు అంచు పార్కు స్థలమే, అందరిదీ. తుమ్మ కొట్టించడం ఒక పూట పని. ఆ దారి పటంలో పెట్టలేదు. పెడితే రోడ్డు మా గుమ్మానికి తగులుతుంది. అప్పటికే చక్రాల కుర్చీలో పడ్డ మనిషి ఇంట్లో ఉంటే, ఇంకేం ముంచుకొస్తుందో అని భయమేసింది. గోడ పడగొట్టాలి అని అరవడమే తేలికనిపించింది.

మా ఆవిడ తల తిప్పి నా వైపు చూసింది. మొహమంతా పొగ మసి, కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, అవి మిరప ఘాటుకు వచ్చినవో కాదో నాకు తెలియదు. "మొదట మనకే ఎదురుగా వేశారా?" అని అడిగింది. నేను అవునన్నాను.

నందిగామ ఆస్పత్రిలో రెండు రోజులు ఆక్సిజన్ పెట్టారు. ఆ రెండు రోజులూ నర్సులతో మాట్లాడింది, చూడ్డానికొచ్చిన వాళ్ళతో మాట్లాడింది. నాతో మాట్లాడలేదు. ఇంటికొచ్చాక కూడా మాట్లాడలేదు. అర్జీల ఫైలు తెమ్మని పనమ్మాయికి సైగ చేసి, ఒక్కో కాగితమూ తిప్పి చూసింది. అన్నీ ఆమె మాటలే, నా చేతిరాత. ఫైలు మూసి కిటికీ గట్టు మీద పెట్టించింది. అక్కడే ఉంది ఇప్పటికీ.

ఇంటికొచ్చిన మర్నాడే నేను ప్రెసిడెంటు దగ్గరికి పాత కాగితం పట్టుకుని వెళ్ళాను. ఇదేమిటి ఇన్నాళ్ళూ ఎక్కడుందని అడిగాడు. బీరువాలో ఉందన్నాను. ఆయన నవ్విన నవ్వు నేను చచ్చేదాకా మర్చిపోను. జేసీబీ వచ్చి ఉత్తరపు అంచున తుమ్మ పీకింది, గ్రావెలు పోసి చదును చేసింది. ఫైరు ఆఫీసరు వచ్చి బండి తిప్పి చూసుకున్నాడు. నిజంగానే ఒక్క పూటే పట్టింది. రోడ్డు కట్ట మీంచి దిగి తిన్నగా వచ్చి మా గేటుకు తగిలింది. షావుకారు తన వినాయకుడి గూడు మళ్ళీ కట్టించుకున్నాడు. నమస్కారం మాత్రం పెట్టడం మానేశాడు. ఇప్పుడు ఫోను చూసుకునేది ఆయన.

రోడ్డు పడ్డ రోజు సాయంత్రం మా ఆవిడ కుర్చీని గేటు దాకా తెమ్మంది. కట్ట మీద ఆ ప్రశ్న అడిగాక నాతో అన్న మొదటి మాట అదే. గేటు తీశాను. ఎదురుగా ఎర్రటి గ్రావెలు రోడ్డు, దాని చివర కట్ట, కట్ట మీద ఎవరో సైకిలు మీద పోతున్నారు. వీధిపోటు గురించి ఏదైనా అంటుందని, తిడుతుందని ఎదురుచూశాను. తిడితే బాగుండుననిపించింది.

ఎడమచెయ్యి గేటు ఊచ మీద వేసింది. తర్వాత ఒక్కో మాటా కూడగట్టుకుంటూ అంది. "మంటల సంగతి అలా ఉంచండి. ఇది నాలుగేళ్ళ కిందటే ఉంటే, నేను రోజూ సాయంత్రం కాలవ దాకా వెళ్ళేదాన్ని."

నేను కుర్చీ బ్రేకు తీశాను. గ్రావెలు ఇంకా కుదురుకోలేదు, చక్రాలు కూరుకుంటున్నాయి. తోసుకుంటూ కట్ట వైపు నడిచాను.